ఇంటికి నెట్టు: వీధి స్తంభం నుంచి స్పీడ్ టెస్టు దాకా

హిందూపురంలో గానీ, పెనుకొండలో గానీ, ధర్మవరంలో గానీ ఇంటికి నెట్టు పెట్టించుకోవాలనుకున్నవాళ్లు ముందుగా అడిగేవి రెండే. స్పీడెంత, నెలకెంత? అడగాల్సినవే. కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు మరో రెండున్నాయి. మన ఇంటి ముందరి స్తంభం దాకా ఏ వైరు వచ్చి ఉంది? అది తెగిన రోజు నిచ్చెన తీసుకుని వచ్చే మనిషి ఎవరు, ఎంతసేపట్లో వస్తాడు? వంద ఎంబీపీఎస్ అని పెద్దక్షరాలతో అచ్చువేసిన కరపత్రం బెంగళూరులోనూ ఇక్కడా ఒకేలా ఉంటుంది. మన వీధిలో నెట్టు నిలబడేది మాత్రం ఈ రెండు జవాబుల మీదే. అందుకే ఈ పనిని స్తంభం దగ్గర మొదలుపెట్టి, కనెక్షన్ వచ్చాక స్పీడు సరిగా కొలిచి చూసుకునేదాకా వరసగా చెబుతాను.

ఈ మూడు ఊళ్లూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డ శ్రీ సత్యసాయి జిల్లాలోనే మూడూ ఉన్నాయి. అయినా నెట్టుతో పని ఊరూరికీ వేరు. హిందూపురానికి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరం. 2020 లాక్‌డౌన్ తర్వాత అక్కడి కంపెనీల పని ఇంట్లో కూర్చుని చేసుకునే పిల్లలు చాలా ఇళ్లలో కనిపిస్తున్నారు. వీళ్లకు మీటింగు మధ్యలో మాట తెగకుండా ఉండటం ముఖ్యం. ధర్మవరంలో పట్టుచీర మగ్గం మీద ఉండగానే కొంగు ఫోటో, అంచు వీడియో వాట్సాప్‌లో కొనేవాళ్లకు చేరాలి. అంటే వాళ్లకు కావలసింది అప్‌లోడ్. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక, చుట్టుపక్కల అద్దెకుండేవాళ్లు పెరిగారు. రేపోమాపో ఇల్లు మారేవాళ్లకు ఏడాది ప్లాను భారమే అవుతుంది.

కాబట్టి మొట్టమొదటి పని, ఒక కాగితం తీసుకుని సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఇంట్లో ఒకేసారి ఏమేం నడుస్తాయో రాసుకోవడం. టీవీలో హెచ్‌డీ సినిమాకు సుమారు 5 ఎంబీపీఎస్ చాలు. 4కే టీవీ అయితే 15 నుంచి 20 దాకా కావాలి. వీడియో మీటింగుకు రానూపోనూ చెరో 3, 4 ఎంబీపీఎస్. ఫోన్లలో రీల్స్, పిల్లల పాఠాలు అన్నీ కలిపినా నలుగురున్న ఇంట్లో లెక్క ముప్పై, నలభై దాటడం అరుదు. ఇది చూసి చాలామంది నమ్మరు. మూడు వందలుంటేనే గొప్ప అనుకుంటారు. కానీ నిలకడగా వచ్చే నలభై ఇల్లంతటినీ నడిపిస్తుంది, రాత్రి తొమ్మిదింటికి పది ఎంబీపీఎస్‌కు పడిపోయే మూడు వందలు నడపలేవు. ఆ డబ్బు తేడాను మంచి రౌటర్ మీదా, కరెంటు పోయినప్పుడు దాన్ని నడిపే చిన్న బ్యాటరీ మీదా పెట్టడం మేలు.

స్తంభాన్ని చదవడం

ఇప్పుడు గడప దాటి వీధిలోకి రండి. స్తంభం మీద కరెంటు తీగల కింద సన్నని నల్ల వైర్లు వేలాడుతుంటాయి. ఒకచోట అరచేతికంటే కాస్త పెద్దవైన ప్లాస్టిక్ డబ్బాలు బిగించి ఉంటాయి. వాటి మీద కంపెనీ పేరో, కేబుల్ ఆఫీసు నంబరో రాసి ఉంటుంది. ఏ కంపెనీ ఫైబర్ మీ వీధికి వచ్చిందో చెప్పే సాక్ష్యం ఆ డబ్బానే. వెబ్‌సైటులో పిన్‌కోడ్ కొడితే "మీ ప్రాంతంలో సేవ ఉంది" అని వస్తుంది, కానీ ఒకే పిన్‌కోడ్‌లో బజారూ ఉంటుంది, కొత్త లేఅవుటూ ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాలకూ నెట్టుకూ ఉన్న సంబంధం చాలా రాష్ట్రాల్లో లేనంత గట్టిది. ఏపీ ఫైబర్‌నెట్ కోసం భూమి తవ్వకుండా, విద్యుత్ స్తంభాల మీదుగానే సుమారు 24 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ నెట్టు, టీవీ చానెళ్లు, ఫోను అని మొదలైన పథకం అది. ఇంటిదాకా ఆఖరి వైరు లాగే బాధ్యత ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లది. తవ్వే పని లేనందువల్ల ఫైబర్ పల్లెలకు తొందరగా చేరింది. దానికి మరో పక్క కూడా ఉంది. గాలివానకు కొమ్మ విరిగి పడినా, ఎత్తుగా లోడు వేసిన లారీ తగిలినా, స్తంభం మార్చినా లైను పోతుంది. భూమిలో వేసిన వైరుకు ఈ బెడదల్లేవు గానీ కాలువ పనికో రోడ్డు పనికో వచ్చిన జేసీబీ ఉంది.

ఏయే రకాల కనెక్షన్లు ఉంటాయో ఒకసారి చూద్దాం. పాత లాండ్‌లైన్ రాగి తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌ను బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో మొదలుపెట్టింది. ఎక్స్ఛేంజి పక్కన ఉన్న ఇంటికి దాని మీద ఎక్కువలో ఎక్కువ 24 ఎంబీపీఎస్ దాకా వచ్చేది, దూరం పెరిగేకొద్దీ తగ్గిపోయేది. ఇవాళ కొత్తగా తీసుకోవాల్సిన రకం కాదది. అదే బీఎస్ఎన్ఎల్ ఇప్పుడు ఊళ్లోని భాగస్వాముల ద్వారా ఫైబర్ ఇస్తోంది. దాన్నే అడగండి.

రెండోది, ఇంటిలోపలి దాకా వచ్చే ఫైబర్. దొరికే చోట దీన్ని మించింది లేదు. ఇందులో మోసపోయే సందు ఒకటుంది. కొందరు లోకల్ ఆపరేటర్లు వీధి చివర మిద్దె మీది పెట్టె దాకానే ఫైబర్ తెచ్చి, అక్కణ్ణించి మామూలు లాన్ వైరుతో ఇళ్లకు ఇస్తారు. "ఫైబర్ నెట్టే" అని చెప్తారు, అబద్ధమూ కాదు. కానీ ఆ మిద్దె మీది పెట్టెకు కరెంటు కావాలి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, ఆ ఇంట్లో కరెంటు పోతే మీ నెట్టు పోతుంది. ఇంటిలోపలి దాకా వచ్చే అసలైన ఫైబర్‌లో దారి మధ్యలో ఉండే స్ప్లిటర్ డబ్బాలకు కరెంటుతో పనిలేదు. అవి వెలుతురును పంచే గాజు ముక్కలు మాత్రమే. "లోపలికి వచ్చేది ఫైబరా, లాన్ వైరా?" అన్న ఒక్క ప్రశ్నతో ఇది తేలిపోతుంది.

మూడోది గాలిలో వచ్చేది. 2023లో ఎయిర్‌టెల్, జియో రెండూ ఎయిర్‌ఫైబర్ పేరుతో 5జీ మీద ఇంటికి నెట్టు ఇవ్వడం మొదలుపెట్టాయి. మిద్దె మీద ఒక చిన్న యాంటెనా, ఇంట్లో రౌటర్. ఫైబర్ రాని వీధికి, తోట ఇంటికి, ఏడాదికో ఇల్లు మారేవాళ్లకు ఇది అక్కరకొస్తుంది. కానీ టవరు కనిపించాలి. పెనుకొండలో ఊరిని ఆనుకునే కొండ. ఆ కొండ చాటున పడ్డ ఇంటికీ, టవరుకు ఎదురుగా ఉన్న ఇంటికీ ఒకే ప్లాను ఒకేలా పనిచేయదు. సంతకం పెట్టేముందు మిద్దె ఎక్కి, అదే కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోనుతో నాలుగు మూలలా స్పీడు చూడండి. హిందూపురం దాటి కర్ణాటక సరిహద్దు వైపున్న పల్లెల్లో ఇంకో చిక్కుంది. ఫోను మన వైపు టవరును వదిలి అవతలి టవరును పట్టుకోవచ్చు. అందుకే యాంటెనా పెట్టడానికి వచ్చినవాళ్లను అది ఏ టవరు వైపు తిరిగి ఉందో అడగండి.

కంపెనీల జాబితా దొరికాక పక్కింటివాళ్లను అడగండి. "మీది బాగుందా?" అంటే అందరూ బాగుందనే అంటారు. "ఆఖరుసారి ఎప్పుడు పోయింది, ఎన్ని గంటలకు వచ్చింది?" అని అడిగితే నిజం బయటికొస్తుంది. తర్వాత కేబుల్ అన్నతో స్తంభం కిందే మాట్లాడండి. సంభాషణ ఇలా నడిస్తే మీకు కావలసింది దొరికినట్టే:

"అన్నా, ఈ డబ్బాలో ఖాళీ ఉందా?"

"రెండు పోర్టులుండాయక్కా."

"ఇక్కడ పవర్ ఎంత చూపిస్తుంది?"

"మైనస్ ఇరవై. మీ ఇంటికి లాగితే ఇరవై ఒకటి వస్తాదేమో."

"ఆదివారం తెగితే?"

"నేను లేకున్నా మా తమ్ముడొస్తాడు."

ఆ మైనస్ ఇరవై సంగతి తెలుసుకుని ఉంచుకోవాలి. ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. మామూలుగా ఇళ్లలో పెట్టే బాక్సులకు ఇది మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మూడు అంకెలు కిందికి దిగితే వెలుతురు సగమైందని అర్థం. మైనస్ 20, 22 దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 25 దాటి ఉంటే ఇవాళ నడుస్తుంది గానీ, వైరు ఏ మూలైనా కాస్త వంగితే ఎర్ర లైటు వెలుగుతుంది. వీధిలో స్ప్లిటర్ మీద స్ప్లిటర్ వేసి పంచుకుంటూ పోయినచోట ఇలా జరుగుతుంది. చేతిలో పవర్ మీటరు ఉన్న మనిషి ఆ అంకెను దాచడు. అడిగితే సంతోషంగా చూపిస్తాడు కూడా.

ప్లాను కాగితం

ఇక్కడ ఎక్కువసేపు ఆగక్కర్లేదు, నాలుగు చోట్ల కన్ను వేస్తే చాలు. చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుందా, కలిపే చెప్పారా? 499 అన్నది 589 అవుతుంది. అప్‌లోడ్ స్పీడు ఎంతో విడిగా రాసి ఉందా? రౌటర్ సొంతమా, డిపాజిటా, వెనక్కిస్తే ఎంత వస్తుంది? అన్‌లిమిటెడ్ అన్న మాట కింద చిన్నక్షరాల్లో ఎన్ని జీబీల తర్వాత స్పీడు తగ్గిస్తామని ఉంది? చాలా ఫైబర్ ప్లాన్లలో ఇది నెలకు 3300 జీబీ, జియో ఎయిర్‌ఫైబర్‌లో 1000 జీబీ. 5 ఎంబీపీఎస్ హెచ్‌డీ సినిమా గంటకు రెండుంబావు జీబీ తింటుంది. ఈ లెక్కన 1000 జీబీ అంటే నాలుగు వందల గంటల పైమాటే. మామూలు ఇంటికి చాలు. మూడు టీవీలు, సీసీ కెమెరాల రికార్డు ఆన్‌లైన్‌లో దాచుకునే ఇంటికి చాలకపోవచ్చు.

కాగితంలో స్పీడు ముందు ఉండే "అప్ టు" అన్న మాట గురించి కూడా చెప్పాలి. దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అని పిలిపించుకోవడానికి ఉండాల్సిన కనీస డౌన్‌లోడ్ స్పీడు 2004లో 256 కేబీపీఎస్, 2013లో 512. 2023 జనవరిలో దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. చట్టం పట్టుకునే అడుగు అంత కింద ఉంది కాబట్టి, మీరు కొన్న స్పీడు మీకు వస్తోందో లేదో చూసుకునే పని మీ మీదే పడుతుంది. దానికి ఒక కొలబద్ద ఉంది. 2006లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనల్లో, కంపెనీ కేంద్రం నుంచి వినియోగదారుడి దాకా కొన్న స్పీడులో 80 శాతానికి పైగా రావాలని పెట్టారు. వందకు ఎనభై వస్తే ఊరుకోండి, అరవై వస్తుంటే అడగండి.

బిగించే రోజు

ఆ రోజు ఇంట్లో పెద్దవాళ్లెవరైనా దగ్గరుండాలి. రౌటర్ ఎక్కడ పెట్టాలో బిగించడానికి వచ్చినాయన నిర్ణయిస్తే అది తలుపు పక్కనే ఉంటుంది. ఆయనకు వైరు కలిసొస్తుంది, మీకు వెనక గదిలో సిగ్నల్ రాదు.

మన ప్రాంతపు పాత ఇళ్లు రాతి గోడలవి. మూర మందం గోడలు, పైన బండలు పరిచిన మిద్దె. ఎండాకాలంలో చల్లగా ఉంచే ఆ గోడలే వైఫైని మింగేస్తాయి. వైఫైలో రెండు బ్యాండ్లుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా పోతుంది గానీ రాతి గోడ దాటలేదు. 2.4 గోడ దాటుతుంది గానీ నెమ్మది, పైగా పక్కింటి వైఫైలన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. కాబట్టి రౌటర్‌ను ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, గాలి ఆడేచోట పెట్టించాలి. ఇనుప బీరువా వెనక, టీవీ వెనక, దేవుడి గూట్లో పెట్టకూడదు. ధర్మవరంలో మగ్గం వెనక గదిలో ఉండి రౌటర్ ముందు గదిలో ఉంటే, ఒక లాన్ వైరు వెనక్కి లాగి అక్కడ ఇంకో చిన్న రౌటర్ పెట్టించండి. గోడ అవతల సిగ్నల్‌ను పట్టి మళ్లీ పంపే రిపీటర్ చౌకే, కానీ అది స్పీడును సగానికి తెచ్చేస్తుంది.

ఫైబర్ కలపడాన్ని దగ్గరుండి చూడండి, చూడదగ్గ పనే. నల్ల వైరు తొడుగు చీలిస్తే అందులో గట్టిదనానికి వేసిన తీగల మధ్య ఒకే ఒక్క గాజు దారం బయటపడుతుంది. పూత తీశాక దాని మందం 125 మైక్రాన్లు, ఇంచుమించు తలవెంట్రుకంత. స్పిరిట్‌తో తుడిచి, చిన్న కోత యంత్రంలో పెట్టి టక్కున విరిచి, ఆకుపచ్చ కనెక్టరులోకి తోస్తారు. ఆ కోత నున్నగా రాకపోతే వెలుతురు అక్కడే పోతుంది. తుడవకుండా తోసినా అంతే. మళ్లీ చేయమంటే చేస్తారు, మొహమాటపడొద్దు. నేల మీద పడ్డ గాజు ముక్కలను టేపుతో అద్ది తీయించండి, పిల్లల కాలికి దిగితే కనిపించవు. తెగిన కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు. అందులోని వెలుతురు కంటికి కనిపించకపోయినా కంటికి మంచిది కాదు. గది మూలల్లో వైరును మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పించండి.

బాక్సు వెలిగాక పాన్ అన్న లైటు నిలకడగా పచ్చగా ఉండాలి. లాస్ అన్నది వెలగకూడదు. అది ఎర్రగా కొట్టుకుంటుంటే వెలుతురు రావడం లేదని అర్థం, రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఫోను చేయాల్సిందే. వెళ్లేముందు ఆయనతో ఇంట్లో బాక్సు దగ్గర పవర్ కొలిపించి, ఆ అంకెను తేదీతో సహా గోడ క్యాలెండరు మీద రాసుకోండి. ఆరు నెలల తర్వాత నెట్టు మందగిస్తే అదే అంకెను మళ్లీ కొలిపించవచ్చు. మైనస్ 21 కాస్తా 26 అయితే లోపం వైరులోనే ఉందని వాదన లేకుండా తేలుతుంది. చాలా బాక్సులు 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి. దానికి సరిపడే మినీ యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే కరెంటు పోయినా గంటా రెండు గంటలు గడుస్తుంది.

స్పీడు కొలవడం

చాలామంది చేసేది ఏమిటంటే, పడక గదిలో మంచం మీద పడుకుని ఫోనులో టెస్టు నొక్కి, ముప్పై వచ్చిందని కేబుల్ ఆఫీసుకు ఫోను చేస్తారు. అక్కడివాళ్లు "మా దగ్గర వంద చూపిస్తోంది" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గొడవ తెగాలంటే వైఫైని, వైరును విడదీసి కొలవాలి.

ముందు లెక్క ఒకటి సరిచూసుకోండి. కంపెనీ చెప్పే ఎంబీపీఎస్‌లో ఉన్నది బిట్లు, డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కంప్యూటర్ చూపించే ఎంబీలో ఉన్నది బైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. వంద ఎంబీపీఎస్ లైను మీద ఫైలు సెకనుకు పన్నెండున్నర ఎంబీ చొప్పున దిగితే అంతా సక్రమంగా ఉన్నట్టే. ఈ ఒక్క తికమకతో పెట్టే ఫిర్యాదులు ఎన్నో.

లాప్‌టాప్‌ను లాన్ వైరుతో నేరుగా రౌటర్‌కు కలపండి. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ అయి ఉండాలి. వైఫై ఆపేయండి, ఆఫీసు వీపీఎన్ ఆపేయండి, టీవీ ఆపించండి. మొదటి కొలత ఇంటర్నెట్‌ది కాదు, ఇంట్లోదే. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి రౌటర్ అడ్రసు ఇవ్వండి. సాధారణంగా 192.168.1.1, లేదంటే బాక్సు కింద అంటించిన చీటీ మీద ఉంటుంది. జవాబు ఒకటి రెండు మిల్లీసెకన్లలో రావాలి. ఇక్కడే ఆలస్యమైతే లోపం ఇంట్లోనే ఉంది. తర్వాత గూగుల్ సర్వర్ 8.8.8.8కు, చివర -t చేర్చి పింగ్ చేసి కాసేపు వదిలేయండి. మధ్యమధ్యలో "టైమ్డ్ అవుట్" అని వస్తుంటే స్పీడు ఎంత బాగున్నా మీటింగులో మాట తెగుతుంది.

ఇప్పుడు స్పీడ్ టెస్టు. ఊక్లా వాళ్ల స్పీడ్‌టెస్ట్‌లో దగ్గరి సర్వర్‌ను అదే ఎంచుకుంటుంది. చాలాసార్లు అది మీ కంపెనీ సొంత సర్వరే అయి ఉంటుంది. అంటే మీ ఇంటి నుంచి కంపెనీ గుమ్మం దాకా మాత్రమే కొలుస్తుంది. ఆ అంకె రాసుకుని, సర్వర్ మార్చి బెంగళూరులో వేరే కంపెనీది ఒకటి, హైదరాబాదులో ఒకటి, చెన్నైలో ఒకటి ఎంచుకుని మళ్లీ కొలవండి. నెట్‌ఫ్లిక్స్ వాళ్ల ఫాస్ట్ డాట్ కామ్ మీద కూడా ఒకసారి చూడండి. అది వాళ్ల సినిమాలు వచ్చే సర్వర్ల నుంచే కొలుస్తుంది. అందులో మరిన్ని వివరాలు నొక్కితే పింగ్ రెండు రకాలుగా చూపిస్తుంది, లైను ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, నిండుగా ఉన్నప్పుడు ఎంత అని. ఖాళీగా 10 ఉండి, నిండితే 300 అయితే, ఇంట్లో ఎవరో సినిమా దించుకుంటున్నప్పుడు మీ మీటింగు ఎందుకు ముక్కలవుతోందో అర్థమవుతుంది.

పింగ్‌లో మన భూగోళం కనిపిస్తుంది. గాజు దారంలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హిందూపురం నుంచి బెంగళూరు వెళ్లి రావడానికి వెలుతురుకు పట్టేది ఒక్క మిల్లీసెకను. మధ్యలో యంత్రాలు దాటుకుంటూ 5 నుంచి 15 దాకా అవుతుంది. బెంగళూరు సర్వర్‌కు 40, 50 చూపిస్తుంటే, మీ కంపెనీ లైను ముందు హైదరాబాదుకో చెన్నైకో వెళ్లి, అక్కణ్ణించి చుట్టు తిరిగి బెంగళూరు చేరుతోందేమోనని అనుమానించాలి. సినిమా చూసేవాళ్లకు దీంతో నష్టం లేదు. బెంగళూరు ఆఫీసు కంప్యూటర్‌లోకి దూరం నుంచి వెళ్లి పని చేసేవాళ్లకు మౌసు కదిపిన ప్రతిసారీ తెలుస్తుంది. అలాంటి ఇంటికి రెండు కంపెనీల మధ్య ఎంపిక చేయాల్సి వస్తే స్పీడు కంటే ఈ అంకెనే చూడమంటాను.

ఒక పూట కొలిస్తే చాలదు. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదికి, పదికి, అలా వారం పాటు కొలిచి రాయండి. ఎక్కువ చోట్ల వాడే జీపాన్ ఫైబర్‌లో ఒక పోర్టు మీద రెండున్నర గిగాబిట్ల డౌన్‌లోడ్, దాంట్లో సగం అప్‌లోడ్ ఉంటుంది. దాన్ని ముప్పై రెండు ఇళ్లకో అరవై నాలుగు ఇళ్లకో పంచుతారు. నీళ్లు వదిలిన గంటలో వీధి కొళాయిలన్నీ ఒకేసారి తిప్పితే చివరి ఇంటికి సన్నని ధార వచ్చినట్టే రాత్రి తొమ్మిది గంటల సంగతి కూడా. వైరుతో పొద్దున 98 వచ్చి రాత్రి 35కు పడిపోతుంటే, మీ ఇంట్లో లోపం లేదు. ఇళ్లన్నీ పంచుకునే పోర్టో, కంపెనీ పైనుంచి తెచ్చుకునే లైనో చాలడం లేదు. ఈ వారం పట్టిక చేతిలో ఉంటే "రౌటర్ ఆపి వేయండి" అన్న జవాబుతో మిమ్మల్ని పంపించలేరు.

ఇంకో అంకె గుర్తు పెట్టుకోండి, 94. రెండు వందలో మూడు వందలో కొన్నారు, వైరుతో కొలిచినా ఎప్పుడూ 94 దగ్గరే ఆగుతోంది. అలాంటప్పుడు లైను బాగానే ఉంది. రౌటర్ లాన్ పోర్టు వంద ఎంబీపీఎస్‌ది అయినా అయి ఉండాలి, లాన్ వైరులోని ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి తెగి నాలుగింటి మీదే నడుస్తూనైనా ఉండాలి. వైరు మార్చి చూడండి, అది కాకపోతే గిగాబిట్ పోర్టులున్న బాక్సు అడగండి. అప్పటిదాకా మూడు వందల ప్లానుకు డబ్బు కట్టడం వృథా.

వైరు కొలత బాగుంటే అప్పుడు వైఫై సంగతి. ఫోను పట్టుకుని రౌటర్ ఉన్న గదిలో ఒకసారి, తర్వాత ఒక్కో గదిలో, చివరికి మిద్దె మీద కొలవండి. ఫోను సెట్టింగుల్లో వైఫై వివరాల దగ్గర లింక్ స్పీడ్ అని ఉంటుంది. అక్కడ 72 కనిపిస్తే మీరు 2.4లో ఉన్నారు, టెస్టులో నలభై యాభై మించి రాదు. 433 కనిపిస్తే 5లో ఉన్నారు. చాలా ఇళ్లలో కంపెనీని తిట్టే సమస్య, ఫోనును 5 గిగాహెర్ట్జ్ వైఫై పేరు మీదికి మార్చడంతో తీరిపోతుంది.

ఒక జాగ్రత్త. వంద ఎంబీపీఎస్ లైను మీద పది సెకన్ల టెస్టు 125 ఎంబీ వాడుతుంది, అప్‌లోడ్ అదనం. ఫైబర్ మీద లెక్కలోకి రాదు గానీ, రోజుకు ఒకటిన్నర జీబీ ఉన్న ఫోను ప్యాకు మీద పదిసార్లు నొక్కితే పిల్లల పాఠానికి మిగలదు.

అప్‌లోడ్ అంకెను చాలామంది చూడనే చూడరు. ధర్మవరంలో చీర వీడియోను పూర్తి స్పష్టతతో పంపాలంటే, 200 ఎంబీ ఫైలు 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఐదు నిమిషాలు దాటి పడుతుంది. యాభై మీద అర నిమిషం. జరీ మెరుపు, రంగు నీడ సరిగా కనిపించే వీడియో కావాలంటే వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే అది కుదించి పంపుతుంది. రోజూ పదిహేను చీరలు చూపించే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. రానూపోనూ ఒకే స్పీడిచ్చే ప్లాను వీళ్లు అడిగి తీసుకోవాలి.

బాగుపడకపోతే

కేబుల్ అన్నకు నోటిమాటగా చెప్పింది రికార్డులో ఉండదు. కంపెనీ నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, పట్టికనూ స్క్రీన్‌షాట్లనూ పంపండి. తీరకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజుల్లోగా రాయవచ్చు. దానికి రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలని 2012 నాటి ట్రాయ్ నిబంధనల్లో ఉంది. ట్రాయ్ ఒక్కో ఇంటి ఫిర్యాదును తాను విచారించదు కాబట్టి అక్కడికి రాసి ఎదురుచూడొద్దు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు కూడా ఉంది. టెలికాం ఫిర్యాదులు కమిషన్ల పరిధిలోకి రావన్న కంపెనీల వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది.

కంపెనీ మారాలనుకుంటే పాతది తీసేయకముందే కొత్తది పెట్టించి, రెండింటినీ వారం పది రోజులు పక్కపక్కన పైన చెప్పినట్టే కొలవండి. కొత్త వైరు పాత స్తంభం మీదుగానే వస్తోందేమో చూడండి. రెండూ ఒకే కొమ్మ కింద వేలాడుతుంటే గాలివానకు రెండూ ఒకేసారి పోతాయి. పాత బాక్సు, అడాప్టర్ వెనక్కి ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు రాయించి రసీదు తీసుకోండి. డిపాజిట్ అడగడానికి ఆ చీటీ తప్ప ఇంకేమీ పనికిరాదు.